గీతే కదా అని వదలవద్దు
వాహనపు రంగును ఇంటి వద్దనే కాపాడుకొనే విధానం

బ్యాంకు క్షేత్రాధికారిగా మీ ఊళ్ళకు వచ్చినప్పుడు పాడిపశువులను, పంపుసెట్లను చూసినట్లే, ఋణంపై కొనుగోలు చేసిన వాహనాలను కూడా తనిఖీ చేస్తుంటాను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు సరిచూడటం, బీమా కాగితాలు పరిశీలించడం నా విధి. రంగుపై పడిన గీతలను పట్టించుకోవడం మాత్రం ఒక అనుభవం తరువాతనే నేర్చుకొన్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక ఋణగ్రహీత తన తెల్ల కారును చూపిస్తూ, కాలువగట్టు మీద తుమ్మకొమ్మ రాసుకొని తలుపు అడుగుభాగాన పడిన గీతను గురించి అడిగారు. జానెడు గీత. అందులో రేకు సన్నగా మెరుస్తున్నది. "బండి నడకకు దీనితో పనేమున్నదండీ, వదిలేయండి" అని నేనే చెప్పాను. వాయిదాలు తప్పక కట్టే మనిషి. నా మాట నమ్మారు. రెండు వానాకాలాలు గడిచాక కుమార్తె చదువు కోసం ఆయన బండిని అమ్మదలచారు. కొనవచ్చిన వ్యక్తి ఆ తలుపు అడుగున వేలితో నొక్కగానే రంగు పెచ్చుగా ఊడి, కింద తుప్పు రాలింది. ధర అక్కడికక్కడే తగ్గింది. బాకీ పోగా ఆయన ఆశించిన సొమ్ములో సగం కూడా మిగలలేదు. అయినా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. బీఎస్సీలో రసాయనశాస్త్రం చదివిన నాకు తుప్పు సంగతి తెలియక కాదు. తెలిసినదానిని చెప్పవలసిన చోట చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే ఈ వ్యాసం.

రంగులో ఎన్ని పొరలు?

నేటి కార్లలో రేకుపై మొదట తుప్పును ఆపే ప్రైమర్ పూతలు, వాటిపై రంగు, అన్నిటికంటె పైన క్లియర్ కోట్ అనే పారదర్శక పూత ఉంటాయి. ఇవన్నీ కలిసి సాధారణంగా 100 నుండి 150 మైక్రాన్ల మందం మాత్రమే. 1000 మైక్రాన్లు ఒక మిల్లీమీటరు అని గుర్తుంచుకోండి. పై పారదర్శక పూత ఒక్కటే చూస్తే తల వెంట్రుక మందం కూడా ఉండదు.

గీత ఈ పూతలన్నిటినీ దాటి రేకును తాకితే, గాలిలోని ఆక్సిజన్, తేమ కలిసి ఇనుమును తుప్పుగా మారుస్తాయి. తుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుచేత అది చుట్టూ ఉన్న మంచి రంగును కూడా కిందినుండి పైకి లేపుతుంది. సముద్రతీర గ్రామాలలో ఉప్పుగాలి వలన, ఎరువుల బస్తాలు మోసే బండ్లలో రాలిన ఎరువు వలన ఈ పని మరింత వేగంగా జరుగుతుంది.

ముందుగా లోతు కనుగొనండి

బండిని నీడలో నిలిపి, రేకు చల్లబడనివ్వండి. ధారాళంగా నీరు పోసి దుమ్ము, ఇసుక పోయేటట్లు కడగండి. బట్టల సబ్బుపొడి వాడక, కారు షాంపూ వాడండి. మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెట్టిన తరువాత రెండు పరీక్షలు చేయండి.

మొదటిది, గీతపై కాస్త నీరు రాయండి. తడిగా ఉన్నంతసేపు గీత కనబడకపోతే అది పై పూతలోనే ఉన్నదని భావించవచ్చు. రెండవది, గోటిని గీతకు అడ్డంగా మెల్లగా జరపండి. గోరు తట్టుకోకపోతే పైగీత. గోరు తట్టుకొని ఆగితే లోతు గీత. అడుగున బూడిదరంగు గాని, రేకు మెరుపు గాని, ఎర్రని మచ్చ గాని కనబడితే వెంటనే శ్రద్ధ తీసుకోవలసినదే.

పైగీతలకు

పైగీతను తొలగించడమంటే దానిని పూడ్చడం కాదు. గట్టు చెక్కి చేను చదును చేసినట్లు, చుట్టూ ఉన్న పూతను గీత అడుగు వరకు దించడమే. కనుక ఎంత తక్కువ రుద్దితే అంత మేలు.

సన్నరకం రబ్బింగ్ కాంపౌండ్‌ను శనగగింజంత తీసుకొని, తడిపి పిండిన స్పాంజిపై రాయండి. అడుగు పొడవు, అడుగు వెడల్పుకు మించని చోట మాత్రమే, తేలికపాటి ఒత్తిడితో ఒకటి రెండు నిమిషాలు రుద్దండి. శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడండి. అవసరమైతే మరొకసారి చేయండి. తలుపు అంచుల వద్ద, మడతల వద్ద పూత పలుచగా ఉంటుంది. అక్కడ మాస్కింగ్ టేపు అంటించి వదిలివేయడం మంచిది.

గుడ్డకు బండి రంగు అంటుతున్నదేమో గమనించండి. క్లియర్ కోట్ ఉన్న కారుకు రంగు అంటిందంటే ఆ పూత అరిగిపోయిందని అర్థం. వెంటనే ఆపండి. విడిగా క్లియర్ కోట్ లేని పాత వాహనాలకు, ట్రాక్టర్లకు కొంత రంగు అంటడం సహజమే. చివరగా పాలిష్ పెట్టి, ఆపై మైనపు పూత, అనగా వాక్స్ వేయండి. పూర్తిగా పోని సన్నని గీతను అలాగే వదలండి. దానివలన తుప్పు రాదు.

లోతు గీతలకు

రేకు కనబడే గీతకు రుద్దుడు పనికిరాదు. పూత వేయవలసినదే. మీ బండి రంగు కోడ్ వాహనానికి అమర్చిన పలకపై ఉంటుంది. ఆ పలక ఎక్కడ ఉన్నదో వాహనంతో ఇచ్చిన పుస్తకంలో చూడవచ్చు. ఆ కోడ్ చెప్పి టచప్ పెయింటు కొనండి.

తుప్పు ఉంటే 400 నంబరు వాటర్ పేపరును చిన్న ముక్కగా మడిచి, గీతలో మాత్రమే గీకి తుప్పును పూర్తిగా తీయండి. తుప్పుపై రంగు వేస్తే అది లోపలే పెరుగుతుంది. స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. సన్నని కుంచెతో రేకుపై ప్రైమర్ వేయండి. ఆరిన తరువాత రంగును ఒకేసారి మందంగా కాక, ఆరబెట్టుకొంటూ రెండు మూడు పలుచని పూతలుగా వేయండి. ఆపై క్లియర్ కోట్ వేయండి. దాదాపు నెల రోజులు దానిపై వాక్స్ పెట్టవద్దు. ఎండకు వెలిసిన పాత బండిపై కొత్త రంగు కొంచెం తేడాగా కనబడవచ్చు. అందానికి కొంత లోటైనా రేకుకు రక్షణ లభిస్తుంది.

థిన్నరు, స్పిరిట్ మంటకు, పిల్లలకు దూరంగా ఉంచండి. గాలి ఆడే చోటనే పని చేయండి. సొట్టలు, తుప్పు తిని రంధ్రం పడిన రేకు, అరచేతికంటె వెడల్పుగా రంగు పోయిన చోటు ఇంటి పనికి లొంగవు. అటువంటివి పెయింటింగ్ షెడ్డుకు అప్పగించండి.

చేయకూడనివి

పొడిగుడ్డతో దుమ్ము తుడవవద్దు. ఇసుకరేణువులే కొత్త గీతలు గీస్తాయి. కొబ్బరిపీచు, గిన్నెలు తోమే పీచు వాడవద్దు. కిరోసిన్, డీజిలుతో తుడిస్తే ఆ పూటకు మెరుపు కనబడుతుంది గాని, ఆ జిడ్డుకు దుమ్ము పట్టి మరింత గీరుకొంటుంది. టూత్‌పేస్టు వలన చిన్న మరకలు పోవచ్చునేమో గాని, లోతు గీతకు అది మందు కాదు.

బీమా మాట

చిన్న గీతకు బీమా క్లెయిము పెట్టేముందు లెక్క వేసుకోండి. క్లెయిము లేని సంవత్సరాలకు సొంత నష్టపు ప్రీమియంలో 20 శాతం మొదలుకొని 50 శాతం వరకు రాయితీ లభిస్తుంది. సాధారణంగా ఒక్క క్లెయిముతో ఆ రాయితీ పోతుంది. టచప్ సీసా ఖర్చుతో పోయే పనికి దానిని వదులుకోవడం లాభసాటి కాదు. పెద్ద నష్టమైతే మాత్రం, మరమ్మతుకు ముందే బీమా కంపెనీకి తెలియజేయండి.

డీలరు మిత్రులకు ఒక మనవి. వాహనం అప్పగించే రోజున తాళాలతోపాటు రంగు కోడ్‌ను ఒక కాగితంపై రాసి ఇవ్వండి. టచప్ సీసా ఎక్కడ దొరుకునో చెప్పండి. మీ వద్దకు ఆ బండి మార్పిడికి తిరిగివచ్చిన నాడు మీకూ మంచి సరుకే చేతికి వస్తుంది.

ఋణం తీరేవరకు వాహనం బ్యాంకుకు హామీ. తీరిన తరువాత అది పూర్తిగా మీ ఆస్తి. ఈ వానాకాలం రాకముందే ఒక ఆదివారం ఉదయం బండిని కడిగి, తలుపుల అడుగుభాగాలు, చక్రాల పై అంచులు వంగి చూడండి. ఇకపై నేను తనిఖీకి వచ్చినప్పుడు ముందు చూసేది కూడా ఆ చోట్లనే.