జపాను గాజు పాత్రలు

గాజు అనగానే మనకు మొదట స్ఫురించునది ముత్తైదువ చేతి గాజు. పదార్థమునకును, దానితో చేసిన ఆభరణమునకును ఒకే మాట వాడుకొనునంతగా అది మన యిండ్లలో కలిసిపోయినది. జపానువారి సంగతి వేరు. గాజునకు వారు వాడిన పాత పేర్లలో ‘బీదొరో’ ఒకటి. అది పోర్చుగీసు వర్తకుల ‘విద్రో’ అను మాటకు రూపాంతరము. రెండవది ‘గియమాన్’. వజ్రమునకు డచ్చివారు చెప్పు పేరునుండి అది పుట్టినది. గాజును చెక్కుటకు వజ్రము వాడుదురు కదా! ఓడలపై వచ్చిన వింతవస్తువుగా గాజును వారు ఎంత అపురూపముగా చూచిరో ఈ పేర్లే చెప్పును. ఉతమారో చిత్రించిన ప్రసిద్ధ చిత్రమొకటి కలదు. అందు ఒక యువతి గాజు ఆటవస్తువును నోట నుంచుకొని ఊదుచుండును. ఊదినప్పుడు దాని పలుచని అడుగు టప్పున మ్రోగును.

జపాను అలంకార గాజును సేకరింపగోరువారు ముందుగా వినునది ‘కిరికో’ అను మాట. సానపట్టి చెక్కిన గాజునకు అది పేరు. 1834లో ఎదో నగరమున, అనగా నేటి టోక్యోలో, కగయ క్యూబే అను గాజు వర్తకుడు కురువిందపు పొడితో గాజుపై రేఖలు తీర్చెనని చెప్పుదురు. ఆనాటి ఎదో కిరికో రంగులేని గాజు. 1881లో షినగావా ప్రభుత్వ కర్మాగారమునకు ఇమాన్యుయేల్ హాప్ట్‌మన్ అను ఆంగ్ల నిపుణుని రప్పించి, చక్రముపై గాజును సానపట్టు పద్ధతిని అభ్యసించిరి. రంగుపొర వేసిన ఎదో పాత్రలు మెయిజీ కాలమునుండి వచ్చినవే. కావున నీలిరంగు గిన్నెను చూపి ‘ఇది కగయవారి కాలపు ఎదో కిరికో’ అని ఎవరైన చెప్పినచో కొనువాడు కొంత ఆగవలెను.

రంగుగాజు వైభవమంతయు దక్షిణమున, కాగోషిమా రాజధానిగా గల సత్సుమా సంస్థానమున వెలసినది. 1846లో అక్కడ గాజుపని ఆరంభించినది అలంకారము కొరకు కాదు, మందుల సీసాల కొరకు. 1851లో ప్రభువైన షిమజు నారియకిరా దానిని కళగా మార్చెను. రాగితో ఎర్రగాజును సాధింపవలెనని ఆయన పట్టుదల. అది మిక్కిలి కష్టమైన పని. కొలిమి వేడి ఏమాత్రము తప్పినను ఆ ఎరుపు చెడిపోవును. ఆ ఎరుపునే కాక నీలము, ఊదా, ఆకుపచ్చ రంగులను కూడ వారు సాధించిరి. రంగులేని పాత్రపై రంగుగాజును మందముగా ఎక్కించి, ఆ పొరను ఏటవాలుగా కోసిరి. అందువలన పైన ముదురుగా నున్న రంగు లోనికి పోవుకొలది పలుచబడి, తుదకు తెల్లని వెలుగులో కలిసిపోవును. దీనిని ‘బొకాషి’ అందురు. ఎదో పాత్రలలో రంగుపొర పలుచన. అందు రంగునకును తెలుపునకును నడుమ హద్దు కత్తితో గీసినట్లుండును. ఈ ఒక్క భేదమును కంటికి అలవరచుకొన్నచో సగము విద్య వచ్చినట్లే.

ఆ వైభవము నిలిచినది స్వల్పకాలమే. 1858లో నారియకిరా మరణించెను. 1863లో బ్రిటిషు నౌకలు కాగోషిమాపై గుండ్లు కురిపించగా కర్మశాలలు దగ్ధమైనవి. 1877 నాటి సత్సుమా తిరుగుబాటుతో ఆ పని పూర్తిగా అంతరించినది. నూరేండ్లకు పైగా సత్సుమా కిరికో చేయువారే లేకపోయిరి. 1985లో కాగోషిమాలో దానిని పునరుద్ధరింప పూనుకొన్నవారికి పని నేర్పు గురువు లేడు. మ్యూజియములలోను, గృహస్థుల యిండ్లలోను పగులక మిగిలిన కొద్ది పాత్రలను పరిశీలించి, కోతల లోతును, పొరల మందమును అంచనా కట్టుకొని, పోయిన విద్యను తిరిగి కూర్చుకొనవలసి వచ్చినది. ఎవరో ఒకరు బీరువాలో దాచిన గిన్నెయే వారికి పాఠ్యపుస్తకమైనది.

అట్టి పాత్ర సామాన్యునికి చిక్కునది కాదు. చిక్కినను దాని వెంట పడుట మంచిదని నేననను. ప్రభువుల పాత్రలకు మ్యూజియములు కలవు. అంగడి పాత్రలకు ఎవరును లేరు. నా మట్టుకు మెయిజీ చివరినుండి షోవా తొలినాళ్లవరకు వాడిన ‘కోరి కొప్పు’ అను మంచుగిన్నెలు ఎక్కువ ప్రియము. తురిమిన ఐసుపై తియ్యని పాకము పోసి వేసవిలో దుకాణదారులు అమ్మిన, కాడగల చిన్న గిన్నెలివి. వీనిలో ‘అబురిదాషి’ అను రకము చూడదగినది. గాజుముద్దలో ఎముకల బూడిద వంటి ద్రవ్యమును కలిపి, నగిషీ మూసలో ఊది, కొంత చల్లార్చి, మరల వేడి చూపుదురు. అప్పుడు ఉబ్బెత్తు భాగములు పాలవలె తెల్లబడి పూవులో చారలో బయటపడును. వీనిపై చేసినవాని పేరుండదు. మన గోళీసోడా సీసాకు జపానులో తోబుట్టువైన ‘రమునే’ సీసా వలెనే ఇవియు నిత్యము చేతులు మారిన వస్తువులు. దుకాణములో పగిలినవి పగులగా, 1923 నాటి మహాభూకంపమున కొన్ని, 1945 నాటి విమానదాడులలో టోక్యో తూర్పు పేటలతో పాటు మరికొన్ని నశించినవి. మిగిలినవానిని పనికిరానివని త్రోసివేసినచో ఆ అంగళ్ల వేసవి గురుతులు మిగులవు.

కొనునప్పుడు కన్నుకంటె వ్రేలికొస నమ్మదగినది. చక్రముపై చెక్కిన అంచు వాడిగా తగులును. మూసలో ఒత్తిన అనుకరణ అంచు మొద్దువారి యుండును. ప్రక్కన మూస అతుకు గీతయు కనబడవచ్చును. గోటితో మీటినచో సీసము కలిసిన గాజు గంటవలె కొంతసేపు మ్రోగును. పిదప పాత్రను తిరగవేసి అడుగు చూడవలెను. ఏండ్ల తరబడి బల్లపై జరిగిన పాత్రకు సన్నని గీతలు నలుదిక్కులకు పడియుండును. అవి అన్నియు ఒకే దిక్కున నున్నచో ఎవరో ఉప్పుకాగితముతో వయస్సు పెంచిరని అనుమానింపవచ్చును.

చెక్కిన పాత్రలను మరుగునీటితో కడుగరాదు. మందము హెచ్చుతగ్గులుగా నుండుటచే పగులును. కొన్ని పాత గాజులలో క్షారము ఎక్కువై, చెమ్మ తగిలినప్పుడు పైన జిగురు బిందువులు పుట్టును. అట్టివానిని గాలియాడు పొడిచోట ఉంచవలెను. ఇవాతా తోషిచి, ఫుజితా క్యోహే వంటి కళాకారుల పాత్రలు తరచుగా తేలికైన ‘కిరి’ కొయ్యపెట్టెలలో వచ్చును. మూతపై కళాకారుడు తన చేతితో వస్తువు పేరును, తన పేరును వ్రాయును. ఆ లిపి చదువ రాకున్నను పెట్టెను పాత్రనుండి వేరు చేయరాదు.