గ్రామీణ గృహాలలో గాలి నాణ్యత: పొయ్యి నుండి ధాన్యపు గది వరకు

వాయు కాలుష్యమనగానే పరిశ్రమలు, వాహనాలు, ఉత్తర భారతంలో తగులబెట్టే వరి కొయ్యలు స్ఫురిస్తాయి. పంట అవశేషాలు అంతకంటె దగ్గరగా, వంటింటి పొయ్యిలో, ఏడాది పొడవునా కాలుతున్న సంగతి విస్తరణ కార్యక్రమాలలో అంతగా చర్చకు రాదు. పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె, పిడకలు తెలుగు పల్లెలలో నేటికీ వంటచెరకే. గ్యాస్ ఉన్న ఇళ్లలో సైతం స్నానానికి నీళ్లు కాచడం, పశువులకు ఉలవలు ఉడికించడం కట్టెల పొయ్యి మీదనే జరుగుతుంటాయి. సిలిండరు ఖర్చును ఆదా చేసుకునే ఈ పద్ధతిని అజ్ఞానంగా భావించడం సరికాదు.

కట్టె అసంపూర్ణంగా దహనమైనపుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు 2.5 మైక్రాన్లు, అంతకంటె తక్కువ వ్యాసం గల ధూళి కణాలు వెలువడి ఊపిరితిత్తుల లోతుకు చేరుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాల ప్రకారం వీటి 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు మించరాదు. మన జాతీయ ప్రమాణం 60. తమిళనాడుతో పాటు గ్వాటెమాల, పెరు, రువాండాలలో గర్భిణులపై జరిపి, 2022లో ఫలితాలు వెలువరించిన పరిశోధనలో గ్యాస్ పొయ్యి, ఉచిత ఇంధనం పొందినవారు పీల్చిన గాలిలో ఈ కణాల మధ్యస్థ విలువ 24 కాగా, కట్టెలు వాడినవారిలో సుమారు 71. అయినప్పటికీ శిశువుల జనన బరువులో చెప్పుకోదగ్గ వ్యత్యాసం కనబడలేదు. పొయ్యి మార్చితే అన్నీ చక్కబడతాయని ప్రచారం చేయబోయే విద్యార్థులు ఈ ఫలితాన్ని కూడా చదవాలి.

కట్టెల వాడకం తప్పని ఇళ్లలో మొదట చూడవలసినది తేమ. పచ్చి కట్టె వేడిలో కొంత భాగం నీటిని ఆవిరి చేయడానికే ఖర్చయి, మంట చల్లబడి పొగ పెరుగుతుంది. పత్తి కట్టెను పీకిన తరువాత బాగా ఎండనిచ్చి, వానాకాలానికి ముందే కప్పు కిందకు చేర్చాలి. వేడి పొగ పైకి లేస్తుంది కనుక చూరు దగ్గర ఒక సందు, ఎదురుగా గాలి వచ్చే మార్గం ఉండాలి. పొగగొట్టంలో మసి పేరుకుంటే పొగ తిరిగి గదిలోకే వస్తుంది. దానిని ఎవరు, ఎప్పుడు శుభ్రం చేస్తారన్నది పొయ్యి కట్టేనాడే తేల్చుకోవాలి. నీళ్లు కాచే పొయ్యిని పెరటిలోకి మార్చడం అన్నిటికంటె సులభం.

పొగ కంటికి కనబడుతుంది, ఫాస్ఫీన్ కనబడదు. ధాన్యం బస్తాల మధ్య ఉంచే 3 గ్రాముల అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ల, గాలిలోని తేమతో చర్య జరిపి సుమారు 1 గ్రాము ఫాస్ఫీన్‌ను విడుదల చేస్తుంది. గాలికంటె కొంచెం బరువైన ఈ వాయువు తలుపు సందులగుండా పక్క గదికి వ్యాపించగలదు. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు నిద్రించే ఇంటిలో ఈ బిళ్లలు ఎట్టి పరిస్థితులలోనూ వాడరాదు. వాటి వినియోగం నిపుణుల పర్యవేక్షణలోనే జరగాలని నిబంధన ఉన్నది. తిండి గింజలను బాగా ఎండబెట్టి గాలి చొరబడని సంచులలో మూతి బిగించి కడితే, లోపలి ఆక్సిజన్ తరిగి పురుగు తనంతట తానే చస్తుంది. పురుగుమందుల డబ్బాలకు, మందు పట్టించిన విత్తనానికి పడక గదిలో చోటివ్వకుండా బయట తాళం వేసిన అర ఏర్పాటు చేయాలని కూడా గృహ సందర్శనలలో చెప్పాలి.