నూగువేళ్లును నేల పులుపును

నారు నాటిన ప్రతి రైతునకును ఈ సంగతి అనుభవమే. తడిమడిలో నెమ్మదిగా పెరికిన నారు త్వరగా మూన తిరుగును. ఆరిన మడిలో బలవంతముగా లాగిన నారు పలుదినములు వడలియుండును. ఇందుకు గల కారణములలో నొకటి, వేరు కొసల దాపున నుండు సన్నని నూగు తెగిపోవుట. ఈ నూగును శాస్త్రజ్ఞులు మూలకేశములందురు. నేలలో సులభముగా కదలని భాస్వరమును మొక్కకు అందించుటలో వీని సాయము మిక్కిలి గొప్పది.

ఒక్కొక్క మూలకేశము ఒకే జీవకణము. వేరు పైపొరలోని కణము ఒక్కచోట ఉబ్బి, ఆ కొననుండియే సాగుచు పోవును. అన్ని వైపులను విడిచి ఆ ఒక్క వైపునకే యేల సాగవలెను? ఇందు పులుపునకు, అనగా ఆమ్లమునకు, ముఖ్యమైన పాత్ర గలదు.

పులుపును కొలుచు పి.హెచ్. మానమును 1909లో డెన్మార్కు దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు సోరెన్‌సెన్ ఏర్పరచెను. అందు 7 మధ్యమము. తగ్గినచో ఆమ్లము, మించినచో క్షారము. ఒక్క అంకె తగ్గినచో పులుపు పదిరెట్లు హెచ్చును. ఆవజాతికి చేరిన అరబిడాప్సిస్ అను చిన్నమొక్కను పరీక్షించి 1998లో ప్రకటించిన విషయమిది: కేశము మొలచుచోట కణపుగోడ పులిసి సుమారు 4.5కు దిగును, ఆ చోటనే లోపలి రసము 7.3 నుండి 7.7 వరకు ఎక్కును. పులిసిన గోడ సడలును. లోపలి నీటి ఒత్తిడికి అచ్చటనే ఉబ్బును. గోడ పులియకుండ అడ్డగింపగా కేశము మొలచుట నిలిచెను; మరల పులియనీయగా సాగెను. కేశము బయలుదేరిన పిదప కొనయందు చేరు కాల్షియము దానికి దారి చూపును.

అట్లయిన నేల పులియుట మేలని తలంపరాదు. కణము చేయు పులుపు కొలతకు లోబడి, వలసిన చోటనే యుండును. నేలయంతయు 5.5కు దిగువగా పులిసినచో మట్టిలోని అల్యూమినియము కరగి వేరు కొసలను చెరచును. నీరు నిలిచిన వరిమడిలో కొన్ని వారములకు పులుపు తగ్గును గాన, మెట్టపైరులకే ఈ బాధ హెచ్చు.

కావున నారుమడిని తడిపియే పెరుకుడు. మట్టిని పరీక్ష చేయించిన పిమ్మటనే, పుల్లనేలకు సున్నము వేయుడు. చౌడునేలకు సున్నము తగదు, జిప్సము కావలెను. సభ్యులందరు మట్టి నమూనాలను ఒక్కసారిగా పంపి, వలసిన సరకును సంఘము ద్వారా కలసి కొన్నచో వ్యయము తగ్గును. కంటి కానని నూగును కాపాడుకొన్న రైతు, పంటను కాపాడుకొన్నవాడే.