గుండెపోటు: ప్రార్థించండి, ఆలస్యము చేయకండి

ఈ దినము గుండెపోటును గూర్చి కొన్ని సంగతులు ఆలోచించుకుందాము.

యెషయా గ్రంథము 38వ అధ్యాయము తెరవండి. మరణకరమైన రోగముతో మంచము పట్టిన హిజ్కియా రాజు గోడ తట్టు తిరిగి కన్నీటితో ప్రార్థించాడు. దేవుడు ఆయనకు మరి 15 సంవత్సరముల ఆయుష్షు ఇచ్చాడు. అయితే అదే అధ్యాయము 21వ వచనము గమనించారా? పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని ప్రవక్తే చెప్పాడు. ప్రార్థన ఆలకించిన దేవుడే మందు కూడా వేయించాడు.

ఇంతకూ గుండెపోటు అంటే ఏమిటి? గుండె పిడికిలంత కండరము. రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటూ శరీరమంతటికీ రక్తము పంపుతుంది. ఆ గుండెకు కూడా రక్తము కావాలి. అది కరొనరీ ధమనులనే సన్నని నాళముల ద్వారా అందుతుంది. ఏళ్ల తరబడి ఆ నాళాల గోడలలో కొవ్వు పేరుకుంటుంది. ఒకనాడు ఆ పూత చిట్లితే, దాని మీద రక్తము గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. కాలువకు అడ్డుపడితే చివరి మడికి నీరందనట్లే, ఆ భాగానికి రక్తమందదు. ఎండిన మడిలో మళ్లీ నాట్లు వేసుకోవచ్చు. చచ్చిన గుండె కండరము మాత్రము తిరిగి మొలవదు. నాళము పూర్తిగా మూసుకుపోతే సుమారు అరగంటలోనే ఈ నష్టము మొదలై, గంటగంటకు పెరుగుతుంది.

గుర్తులు తెలుసుకోండి. రొమ్ము మధ్యలో బరువు పెట్టినట్లు, బిగబట్టినట్లు నొప్పి. అది ఎడమ చేతికి, దవడకు, వీపుకు ప్రాకడము. చల్లని చెమటలు, ఆయాసము, వాంతి. స్త్రీలలో, వృద్ధులలో, షుగరు ఉన్నవారిలో నొప్పి పెద్దగా లేకుండా ఆయాసము, విపరీతమైన నీరసము మాత్రమే కనిపించవచ్చు. మనవారు దీనిని గ్యాస్ అనుకొని సోడా త్రాగి పడుకుంటారు. పిల్లలను అర్ధరాత్రి లేపడమెందుకని తల్లులు ఓర్చుకుంటారు. అమ్మా, ఆ ఓర్పు వద్దు. లేపండి.

వెంటనే 108కి ఫోను చేయండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఆరంభమైన ఈ సేవ నేడు రెండు రాష్ట్రములలోనూ ఉంది. రోగిని నడిపించకండి, మెట్లు ఎక్కించకండి. వైద్యులు గాని 108 సిబ్బంది గాని చెబితే ఆస్పిరిన్ మాత్ర నమిలించండి. ఆసుపత్రిలో ఇ.సి.జి., రక్తపరీక్ష చేస్తారు. మొదటి ఇ.సి.జి. బాగున్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి వచ్చేయకండి. గడ్డను కరిగించే ఇంజెక్షనుతో గాని, యాంజియోప్లాస్టీతో గాని మూసిన నాళమును తెరుస్తారు. ఎంత త్వరగా తెరిస్తే అంత కండరము దక్కుతుంది. మనిషి స్పృహ తప్పి శ్వాస ఆగితే, రొమ్ము మధ్యలో రెండు చేతులతో నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

“విశ్వాసముంటే ఆసుపత్రి ఎందుకు?” అని కొందరు అడుగుతారు. లూకా సువార్త 10వ అధ్యాయములోని సమరయుని చూడండి. గాయపడినవాని చెంతకు వచ్చి ఏమి చేశాడు? గాయములు కట్టాడు, తన వాహనము మీద ఎక్కించాడు, పూటకూళ్ల యింటికి చేర్చాడు. ఆ ప్రేమ ఆలస్యము చేయలేదు. ఈ సువార్త వ్రాసిన లూకా కూడా వైద్యుడే.

కాబట్టి పాస్టరుగారికి ఫోను తప్పక చేయండి. అయితే 108కి చేసిన తరువాత చేయండి. ఆయన ఆసుపత్రికే వచ్చి ప్రార్థిస్తారు. అంబులెన్సులో చేసే ప్రార్థన కూడా దేవుడు వింటాడు.

ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, మాకిచ్చిన గుండెను కాపాడుకొనే జ్ఞానమును, ఆపదలో త్వరపడే మనస్సును, వైద్యుల చేతులకు నీ తోడును దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.