గోడకు అంటని హీలియం

ద్రవ హీలియాన్ని 2.17 కెల్విన్ల కిందికి, అంటే దాదాపు మైనస్ 271 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిస్తే సూపర్‌ఫ్లూయిడ్ అవుతుంది. 1938లో మాస్కోలో కపిత్సా, కేంబ్రిడ్జిలో అలెన్, మైస్నర్ దాన్ని అతి సన్నని సందుల్లోంచి పంపితే, జిగట లేనట్టే జారిపోయింది. చిత్రమేమిటంటే, అదే ద్రవంలో వేలాడదీసిన బిళ్లను అటూఇటూ ఊగిస్తే ఘర్షణ కనిపించింది!

ఏది నిజం? రెండూ నిజమే. ఇందులో రెండు భాగాలు కలిసి ఉన్నట్టు లెక్క అన్నారు టిస్సా, లాండౌ. మామూలు భాగం గోడను పట్టుకుంటుంది. సన్నని సందులో అది చిక్కుకుపోగా, రెండోది దాటిపోతుంది.

1946లో ఆండ్రోనికాష్విలీ పలుచని లోహపు బిళ్లలను దగ్గరదగ్గరగా పేర్చి హీలియంలో ఊగించారు. మధ్యనున్న మామూలు భాగం వాటితోపాటే ఊగింది. చల్లబడేకొద్దీ ఆ భారం తగ్గుతూ వచ్చింది. 1 కెల్విన్ దగ్గర మామూలు భాగం ఒక శాతం కూడా ఉండదు. అయితే ప్రవాహ వేగం హద్దు దాటితే సుడులు పుడతాయి, ఘర్షణ మళ్లీ మొదలవుతుంది.