మీకు తెలుసా? పెరటి నెగడులో పెల్లెట్ల మంట

ధనుర్మాసం వచ్చిందంటే విజయనగరం చుట్టుపక్కల ఊళ్లలో తెల్లవారకుండానే వాకిట్లోనో దొడ్లోనో ఒక నెగడు రాజుకుంటుంది. తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, సరుగుడు చితుకులు, విరిగిన గంపలు, ఏది చేతికందితే అది మంటలోకి పోతుంది. ఈమధ్య ఆ గుంటలో కట్టెలకు బదులు చెక్క పెల్లెట్లు వేసుకోవచ్చా అని అడిగేవాళ్లు కనిపిస్తున్నారు. వేసుకోవచ్చు. కానీ తెచ్చిన బస్తా గుంటలో గుమ్మరించి అగ్గిపుల్ల గీస్తే పొగ తప్ప ఏమీ రాదు. గుంటకు చిన్న మార్పు చేయాలి. ఆ మార్పు మన సామిల్లుల పక్కన ఎప్పటినుంచో ఉన్నదే.

కట్టె కాదు, దాని గాలి మండుతుంది

ఎండిన కట్టెకు సెగ తగిలితే దాని బరువులో 80 శాతం దాకా ఆవిరిగా, మండే వాయువులుగా మారి బయటికి వచ్చేస్తుందని మీకు తెలుసా? మనం మంట అని పిలుచుకునేది ఆ వాయువులు అంటుకోవడాన్నే. చివరికి మిగిలిన బొగ్గు కణకణలాడుతూ నిదానంగా కాలుతుంది. బయటికి వచ్చిన వాయువుకు చాలినంత వేడి, గాలి అందకపోతే అది పొగై కళ్లు మండిస్తుంది. అంటే కళ్లు నులుముకుంటున్న ప్రతిసారీ మన వంటచెరకు కొంత ఊరి మీదికి ఊరికే పోతోందన్నమాట. పొగ రావడం లేదంటే పొదుపు జరుగుతున్నట్టే.

జిగురు లేని గుళిక

చెక్క పెల్లెట్ 6 నుంచి 8 మిల్లీమీటర్ల లావుండే గుళిక. రంపపు పొట్టును ఆరబెట్టి, గట్టి ఉక్కు పళ్లెంలోని సన్నని కన్నాల గుండా బలంగా నొక్కి తీస్తారు. మంచి చెక్క పెల్లెట్‌కు జిగురు కలపనక్కర్లేదు. చెక్కలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ ఒత్తిడి వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడి పొట్టును పట్టి ఉంచుతుంది. తేమ 10 శాతం లోపే. వదులు పొట్టు ఘనపు మీటరుకు ఇంచుమించు రెండు వందల కిలోలే తూగుతుంది. అదే పెల్లెట్లయితే 600 కిలోలు దాటుతాయి. 1970లలో చమురు ధరలు మండిపోయినప్పుడు అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పెల్లెట్ల తయారీని వ్యాపారంగా మొదలుపెట్టారు. సామిల్లుల వాళ్లు పారబోసే పొట్టుకు అప్పుడు విలువ వచ్చింది.

ఇలా ఒత్తుగా ఉండటమే పెల్లెట్ గొప్పతనం, నెగడులో దాని లోపమూ అదే. కట్టెలు అడ్డదిడ్డంగా పడతాయి కాబట్టి మధ్యలో సందులు మిగిలి గాలి ఆడుతుంది. పెల్లెట్లు గుట్టగా కూర్చుంటాయి. పైపైన నాలుగు గుళికలు అంటుకున్నా లోపలికి గాలి దూరదు. కింద చేరిన బూడిద మిగతాదాన్ని కప్పేస్తుంది. పైన కట్టె వేసి ఊదినా లాభం లేదు.

పొట్టు పొయ్యి గుర్తుందా?

గ్యాసు ఇంటింటికీ రాకముందు సామిల్లులకు, అడితీలకు దగ్గరగా ఉన్న ఇళ్లలో, టీ కొట్లలో పొట్టు పొయ్యి కనిపించేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గ్యాసు కనెక్షన్లిచ్చే దీపం పథకం 1999లో వచ్చింది, కేంద్ర ప్రభుత్వ ఉజ్వల పథకం 2016లో వచ్చింది. వాటితో అది మూలపడింది. ఇప్పటి పిల్లలకు దాని పేరు కూడా తెలియదు.

దాని పనితనం చూడండి. పాత నూనె డబ్బాకు అడుగున పక్కగా ఒక కన్నం. ఆ కన్నంలోంచి ఒక కర్రను అడ్డంగా లోపలికి దూర్చి, మధ్యలో రోకలో సీసానో నిలువుగా పెట్టి, చుట్టూ రంపపు పొట్టును గట్టిగా కూరుతారు. తర్వాత రోకలినీ కర్రనూ మెల్లగా తిప్పుతూ లాగేస్తే పొట్టు మధ్యలో ఎల్ ఆకారంలో సొరంగం మిగులుతుంది. కింది కన్నంలో చిన్న పుల్ల అంటించి పెడితే చాలు. గాలి కిందినుంచి పైకి లాగుతుంది, సొరంగం గోడ లోపలినుంచి బయటికి కాలుకుంటూ పోతుంది. ఒకసారి కూరితే గంటలకొద్దీ మంట, మధ్యలో ఎగదోయనక్కర్లేదు. పొట్టుకు బదులు ఊకతోనూ ఇదే పని చేసేవారు.

ఇందులో కీలకం ఇంధనం కాదు, ఆ సొరంగం. గాలికి దారి ముందే కట్టి పెట్టారు. పెల్లెట్లకూ కావలసింది అంతే.

గుంటను ఎలా మార్చాలి?

మొదటి పని, పెల్లెట్లను నేలమీద నుంచి లేపడం. కన్నాలున్న ఇనప బుట్ట ఒకటి కావాలి. పాత ఇనుము కొట్లో దొరికే వాషింగ్ మెషీన్ డ్రమ్ము దీనికి బాగా పనికొస్తుంది. అది స్టెయిన్‌లెస్ స్టీలు, దాని కన్నాలు పెల్లెట్ లావు కంటే చిన్నవి కాబట్టి గుళికలు జారిపోవు. లోపలి ప్లాస్టిక్ రెక్కలు, రబ్బరు ముక్కలు ముందే ఊడదీయాలి. నలుగురు కూర్చునే నెగడుకు ఆ డ్రమ్ము పెద్దదే. చిన్న కుటుంబానికి వెల్డింగు షాపులో జానెడు వెడల్పు బుట్ట చేయించుకుంటే నయం. మూడు ఇటుకల మీద నిలబెట్టి అడుగున నాలుగు వేళ్ల ఖాళీ ఉంచండి. గుంట లోతుగా ఉంటే గాలి వచ్చే వైపున్న గట్టును తెగ్గొట్టి, చిన్న కాలువలా ఆ ఖాళీ దాకా తవ్వండి. గాలి దిగని గుంటలో బుట్ట పెట్టి లాభం లేదు. చాలామంది వదిలేసే పని ఇదే.

ఇది సగం పని. పొగ పూర్తిగా పోవాలంటే రెండో గాలి కావాలి. దానికి బుట్ట బదులు ఒకదానిలో ఒకటి పట్టే రెండు డబ్బాలు వాడాలి. లోపలి డబ్బాకు అడుగున సన్నని కన్నాలు, పై అంచుకు రెండంగుళాల కిందుగా చుట్టూ ఒక వరస కన్నాలు పెట్టాలి. దాని బయట కాస్త పెద్ద డబ్బా, రెంటికీ మధ్య అంగుళం సందు. బయటి డబ్బా అడుగున పెద్ద కన్నాలు ఉంటాయి, పైన మాత్రం ఆ సందును రేకుతో మూసేయాలి. సందులోంచి పైకెక్కే గాలి వేడెక్కి, పై వరస కన్నాల్లోంచి లోపలికి చిమ్ముతుంది. కింద పుట్టిన పొగ అక్కడ అంటుకుంటుంది. కన్నాల చుట్టూ మంట నాలుకలు వరసగా లేస్తే పొయ్యి కుదిరినట్టు.

ఒక హెచ్చరిక. జింకు పూత వేసిన బకెట్లు, రేకులు వాడకండి. బాగా కాలితే ఆ పూత నుంచి వచ్చే పొగ పీల్చినవాళ్లకు జ్వరం పట్టుకుంటుంది. రంగు డబ్బాలదీ అదే సంగతి, ముందు రంగంతా కాల్చి వదిలించుకోవాలి.

పైనుంచి అంటించండి

పొయ్యిని కింద వెలిగించడం మనకు చిన్ననాటి నుంచి అలవాటు. రెండు వరసల కన్నాలున్న డబ్బాలో దీనికి తలకిందులు. పెల్లెట్లు పై వరస కన్నాలకు కిందిదాకానే పోసి, మీద కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్లలు పెట్టి పైన వెలిగించాలి. నిప్పు కిందికి దిగుతుంది, వాయువు పైకి లేస్తుంది. ఆ వాయువు ఎర్రటి బొగ్గు పొర గుండా దాటుకుంటూ వచ్చి పై గాలితో కలిసి మండుతుంది. ఈ పద్ధతిని అమెరికన్ శాస్త్రవేత్త టామ్ రీడ్, నార్వేకు చెందిన పాల్ వెండెల్‌బో 1980లలో ఎవరికి వారే కనిపెట్టారు. మన దగ్గర హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ సాయి భాస్కర్ రెడ్డి ఇలాంటి పొయ్యిలను రకరకాలుగా తయారుచేసి, నమూనాలను ఎవరైనా వాడుకునేలా బహిరంగంగా పెట్టారు. చివర మిగిలే బొగ్గును పొలానికి వేయడం మీదా ఆయన చాలా పనిచేశారు.

మంట ఆరాక ఆ బొగ్గు కావాలనుకుంటే డబ్బామీద మూత బిగించి చల్లారనివ్వండి. కాలే డబ్బాలో చెంబుతో నీళ్లు గుమ్మరిస్తే ఆవిరి ముఖానికి కొడుతుంది. మండుతున్న దాంట్లో కిరసనాయిలు, పెట్రోలు పోయకూడదని వేరే చెప్పనక్కర్లేదు.

ఊక పెల్లెట్లు చవకే, కానీ

మన జిల్లాల్లో రైసు మిల్లులకు కొదవ లేదు. వడ్ల బరువులో దాదాపు అయిదో వంతు ఊకే. అందుకే ఊకతో చేసిన గుళికలు చవకగా దొరకొచ్చు. అయితే ఊక కాలితే దాని బరువులో మళ్లీ అయిదో వంతు బూడిదగా మిగులుతుంది. పది కిలోలు కాలిస్తే రెండు కిలోల బూడిద! మంచి చెక్క పెల్లెట్లు అయితే నూరు గ్రాముల లోపు. ఆ ఊక బూడిదలో నూటికి 90 పాళ్లు సిలికా, అంటే ఇసుక జాతి. గిన్నెలు తళతళ తోమిందీ, పూర్వం పళ్లు అరగదీసిందీ ఆ సిలికాయే. మిల్లు బాయిలర్‌కు, ఇటుక బట్టీకి ఊక మేలు. చిన్న బుట్టలో మాత్రం బూడిద కన్నాలు మూసేస్తుంది, మాటిమాటికీ దులపాలి.

జీడి తొక్క జోలికి పోకండి

పలాస, కాశీబుగ్గ వైపు చుట్టాలుంటే జీడి పిక్కల తొక్క బస్తాలకొద్దీ వస్తుంది. భగభగ మండుతుంది, నిజమే. ఆ తొక్కలోని నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కిస్తుంది, దాని పొగ ఘాటుకు కళ్లూ గొంతూ మంటెత్తుతాయి. చిమ్నీ ఉన్న ఫ్యాక్టరీ బట్టీ వేరు, చుట్టూ పిల్లలు కూర్చునే నెగడు వేరు. ప్లైవుడ్ ముక్కలు, రంగేసిన తలుపుల పొట్టు కూడా అంతే.

ఒక బకెట్ వేణ్ణీళ్లకు ఎంత?

లెక్క వేసి చూద్దాం. పొద్దున్నే 22 డిగ్రీలున్న 20 లీటర్ల నీళ్లు 45 డిగ్రీలకు కాగాలంటే 460 కిలో కేలరీలు చాలు. పుట్టిన వేడిలో నాలుగో వంతే గిన్నెకు అందుతుందనుకున్నా 1,840 కావాలి. కిలో చెక్క పెల్లెట్లలో సుమారు 4,000 కిలో కేలరీలు ఉంటాయి. అంటే అరకిలో లోపే పని అయిపోతుంది. ఇంకోలా చూస్తే, 14.2 కిలోల గ్యాసు బండలో ఉన్న వేడి దాదాపు 39 కిలోల పెల్లెట్లలో ఉన్న వేడికి సమానం. గ్యాసు పొయ్యి తన వేడిలో ఎక్కువ భాగాన్ని గిన్నెకు అందిస్తుంది కాబట్టి, వంట దగ్గర పెల్లెట్లు ఇంతకంటే ఎక్కువే ఖర్చవుతాయి.

సరుగుడు కట్టె మాత్రం ఈ లెక్కలో పెల్లెట్లకు తీసిపోదు, కిలోకు 4,900 కిలో కేలరీల దాకా ఇస్తుంది. ప్రపంచంలోనే మేటి వంటచెరకుల్లో ఒకటని దానికి పేరు. శ్రీకాకుళం తీరం పొడుగునా ఆ తోటలు కనిపిస్తాయి. బాగా ఎండిన సరుగుడు మీ ఇంట్లో ఉంటే పెల్లెట్ల కోసం పరుగెత్తాల్సిన పని లేదని నా అభిప్రాయం.

ఎండాలన్నదే ఇక్కడ మెలిక. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలను కూల్చేసింది. కూలిన చెట్టు వెంటనే కట్టె కాదు. పచ్చి చెక్క బరువులో సగం దాకా నీరే, నిప్పు ముందు ఆ నీటిని తరిమేసరికే అలసిపోతుంది. పెల్లెట్లకు ఆ బెడద లేదు, ఇంకో బెడద ఉంది. ఒక్క జల్లు తగిలితే ఉబ్బి విడిపోయి మళ్లీ పొట్టవుతాయి. మన తుపానుల తీరంలో వాటిని గోనె సంచిలో వసారాలో ఉంచడం కుదరదు. మూత గట్టిగా పట్టే డ్రమ్ములో, నేలకు ఎత్తుగా దాచాలి.

పెల్లెట్ పొయ్యి ఒకటి వచ్చి వెళ్లిపోయింది

2006లో బీపీ చమురు కంపెనీ, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రవేత్తలు కలిసి ఊర్జా అనే పెల్లెట్ పొయ్యిని తెచ్చారు. బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను గాలి అందించేది, పొగ ఉండేది కాదు. మహారాష్ట్ర, కర్ణాటక పల్లెల్లో లక్షల్లో అమ్ముడైంది. తర్వాత చెరకు పిప్పి లాంటి ముడిసరుకు ఖరీదు పెరిగి పెల్లెట్ల ధర ఎక్కేసరికి ఇళ్లలో దాని వాడకం పడిపోయింది. ఆ వ్యాపారం హోటళ్ల వంటశాలల వైపు మళ్లింది. పొయ్యి చెడిపోలేదు, దాని మేత ప్రియమైంది.

ఇప్పుడు పెల్లెట్లకు ఇంకా పెద్ద గిరాకీ వచ్చింది. బొగ్గుతోపాటు కనీసం 5 శాతం బయోమాస్ పెల్లెట్లు కలిపి కాల్చాలని 2021లో కేంద్ర విద్యుత్ శాఖ థర్మల్ కేంద్రాలకు విధానం ప్రకటించింది. మన పక్కనే పరవాడలో ఉన్న సింహాద్రి కేంద్రం ఒక్కటే 2,000 మెగావాట్లది. టన్నుల్లో కొనేవాళ్లు ఉన్నచోట ఒక బస్తా కోసం వెళ్లేవాడికి పలుకుబడి ఉండదు.

చివరగా ఒక మాట. బాలింత గదిలో కుంపటి పెట్టే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పొగ రాని నిప్పు కదా అని పెల్లెట్ డబ్బాను గదిలోకి తీసుకెళ్లకండి. మూసిన గదిలో బొగ్గు నిప్పు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దీని చోటు ఆరుబయటే. ఇక ఖర్చు సంగతి. డబ్బా చేయించే ముందే చెక్క పెల్లెట్లు మీకు చిల్లరగా, ఏడాది పొడుగునా దొరుకుతాయో లేదో కనుక్కోండి. దొరక్కపోతే దగ్గరి సామిల్లుకు వెళ్లి పొడి పొట్టు ఒక బస్తా అడగండి, పొట్టు పొయ్యికి అది చాలు.