బతికుందా... పోయిందా?

అబ్బాయి హాస్టల్లో ఉంటాడు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేస్తాడు. ఇవాళ పదవుతున్నా చేయలేదు. చార్జింగ్ అయిపోయిందా, నిద్రపోయాడా, లేక ఇంకేమన్నా అయిందా? ఇంట్లో కూర్చుని అది తేల్చుకోవడం అమ్మ తరం కాదు. వేల కంప్యూటర్లు కలిసి పనిచేసే చోటా సరిగ్గా ఇదే చిక్కు.

సమాచారమంతా ఒకే యంత్రంలో ఉంటే అది చెడిన రోజున అన్నీ ఆగిపోతాయి. అందుకే రెండు మూడు చోట్ల దాస్తారు. ఒకటి పడిపోతే మరొకటి పని అందుకుంటుంది. బాగానే ఉంది... కానీ పడిపోయిందని తెలిసేదెలా? ప్రతి కంప్యూటరూ కొద్ది క్షణాలకోసారి 'నేనున్నా' అంటూ చిన్న సందేశం పంపుతుంది. దాన్ని 'హార్ట్‌బీట్' అంటారు. కాసేపు ఆ చప్పుడు వినపడకపోతే ఆ యంత్రం పోయినట్టే లెక్క. లెక్క మాత్రమే సుమా!

2018 అక్టోబరు 21న ఏం జరిగిందో చూడండి. ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ కోడ్‌ను దాచుకునే గిట్‌హబ్‌కు అమెరికా తూర్పు తీరంలో ప్రధాన డేటా సెంటర్ ఉంది. మామూలు నిర్వహణ పనుల్లో పరికరాన్ని మారుస్తుండగా దానికి నెట్‌వర్క్ తెగింది. 43 సెకన్లలో మళ్లీ కలిసింది. ఈలోగానే కాపలా సాఫ్ట్‌వేర్ తూర్పు డేటాబేసులు పోయాయనుకుని పెత్తనాన్ని పశ్చిమ తీరానికి అప్పగించేసింది. నిజానికి అవి నిక్షేపంగా ఉన్నాయి! అక్కడ అప్పటికే నమోదైన కొన్ని క్షణాల మార్పులు పశ్చిమానికి చేరలేదు. తర్వాత పశ్చిమాన రాసినవి తూర్పున లేవు. ఒకే దుకాణానికి రెండు చిట్టాలు, రెండూ కలవవు. ఆలస్యమైనా ఫర్వాలేదు, ఖాతాదారుల సమాచారం పోకూడదనుకున్నారు ఇంజినీర్లు. అంతా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది.

తప్పు ఆ సాఫ్ట్‌వేర్‌ది అనేస్తే సరిపోదు. సందేశం ఎంత ఆలస్యమవుతుందో చెప్పలేనప్పుడు, ఒక్క యంత్రం ఆగిపోయే వీలున్నా సరే, మిగతావన్నీ కచ్చితంగా ఒక మాట మీదకు వస్తాయన్న హామీ ఏ పద్ధతీ ఇవ్వలేదని ఫిషర్, లించ్, పాటర్సన్ 1985లోనే రుజువు చేశారు. మరి దారేదీ? పొరబడినా పర్లేదు, అనుమానించి తర్వాత దిద్దుకోగలిగితే చాలన్నారు తుషార్ చంద్ర, శామ్ టూయెగ్. 1996లో అచ్చయిన వాళ్ల పరిశోధనకు ఇప్పటికీ గౌరవం ఉంది.

గడువు తక్కువ పెడితే ఉత్త కంగారు, ఎక్కువ పెడితే నిజంగా పోయినప్పుడు ఆలస్యం. 2004లో జపాన్ పరిశోధకులు మధ్యేమార్గం చూపారు. 'ఉంది, లేదు' అని తేల్చకుండా పాత చప్పుళ్లు ఎంతెంత తేడాతో వచ్చాయో చూసి అనుమానానికి మార్కులు వేయడం. కసాండ్రా డేటాబేసు వాడేది ఈ పద్ధతినే. పరీక్షల వారంలో పదిన్నర దాకా అమ్మ కంగారుపడదు కదా... అలాగన్నమాట!